ఆర్క్‌నీలో ఐదు వేల ఏళ్ళ దిబ్బ: పైకప్పులోంచి నిచ్చెన దిగి చూసొచ్చాను

నిద్రలేని_నర్సు | శనివారం రాత్రి 11:20

నా డ్యూటీల సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు, నాకు వరసగా నాలుగు రోజులు సెలవు దొరకడమంటే అధికమాసం వచ్చినట్టే. ఈసారి దొరికింది. స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్‌లో ఓడెక్కి ఆరు గంటలు ఉత్తరంగా వెళ్ళి ఆర్క్‌నీ దీవుల్లోని కిర్క్‌వాల్‌లో దిగాను. అక్కణ్ణుంచి వెస్ట్రే, వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రే. ఈ రెండు దీవుల మధ్య విమానం తిరుగుతుంది, దూరం 2.7 కిలోమీటర్లు. టైంటేబుల్ ప్రకారం నడిచే విమానాల్లో ప్రపంచంలోనే ఇంతకన్నా చిన్న ప్రయాణం లేదట. ఎనిమిది మంది పట్టే బుల్లి విమానం. బెల్టు సర్దుకుని కిటికీలోంచి ఫోటో తీద్దామనుకునేలోగా చక్రాలు నేలకి తగిలాయి.

పాపా వెస్ట్రేని అక్కడివాళ్ళు పాపే అంటారు. జనం వందలోపే. నేను చూడాలనుకున్న దిబ్బ అక్కడ కూడా లేదు, దాని తూర్పున ఇంకో లంక ఉంది, హోమ్ ఆఫ్ పాపే అని. దాని మీద మనుషులు ఉండరు, గొర్రెలు ఉంటాయి. ఊరి సహకార సంఘం వాళ్ళని అడిగితే పడవ మాట్లాడిపెట్టారు. నాచు పట్టిన రాళ్ళ మీద దిగడం ఒక ఎత్తు, గూళ్ళ దగ్గరికి వస్తున్నామని నెత్తి మీద పొడిచే టెర్న్ పక్షులు ఇంకో ఎత్తు. పడవాయన ఒక కర్ర ఇచ్చి తల పైకి నిలువుగా పట్టుకోమన్నాడు. అవి ఎత్తుగా ఉన్నదాన్నే పొడుస్తాయి కాబట్టి కర్ర కొనని పొడుస్తాయన్నమాట.

దిబ్బ పైన గడ్డి. మధ్యలో ఇనుప మూత. మూత ఎత్తి నిచ్చెన మీద లోపలికి దిగాలి. టికెట్ లేదు, గార్డు లేడు. కింద 20 మీటర్ల పొడవున్న సన్నటి గది, అడ్డగోడలతో మూడు భాగాలు. రెండు పక్కలా చిన్న గూళ్ళు, లెక్కపెడితే 14. ఒక్కో గూటి నోరు మోకాళ్ళ ఎత్తే ఉంటుంది, పాకితే తప్ప లోపలికి పోలేం. ఒకదాంట్లోకి పాకి ఫోన్ లైటు ఆర్పేశాను. బయట గాలి హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. సున్నం లేదు, మట్టి లేదు, పలక మీద పలక పేర్చిన గోడ. రెండు పలకల సందులో గోరు దూరలేదు.

ఎవరికైనా వివరాలు కావాలంటే అడగండి, రేపు కూడా సెలవే.

గోదారి_గట్టు | రాత్రి 11:48

అక్కా, అది ఇల్లా, సమాధా? ఎముకలున్నాయా? చీకట్లో ఒక్కదానివే ఎలా దిగావు?

నిద్రలేని_నర్సు | రాత్రి 11:55

సమాధే. కట్టింది దాదాపు క్రీ.పూ. 3000లో. ఇప్పుడు ఎముక ముక్క కూడా లేదు. 1849లో థామస్ అనే నౌకాదళ కెప్టెన్ సముద్రం సర్వే చేయడానికి వచ్చి దీన్ని తవ్వించాడు, అప్పటికే దాదాపు ఖాళీ. ఒక్కదాన్ని కాదు, పైన పడవాయన కూర్చుని సిగరెట్ కాలుస్తున్నాడు. ఆ వాసన లోపలికి వస్తూ ఉంటే ధైర్యంగానే ఉంది.

కుండబద్దలు | ఆదివారం ఉదయం 7:10

ఫోటోలు చూశాను. పైకప్పు కాంక్రీటు, అందులో అద్దపు కిటికీలు, ఇనుప మూత. దీన్ని ఐదు వేల ఏళ్ళ కట్టడం అంటే ఎలాగండీ? మా ఊళ్ళో వెయ్యేళ్ళ గుడికి టైల్స్ వేసి రంగులు కొట్టినట్టే ఉంది.

పాతరాయి | ఉదయం 8:02

గోడలు అసలువే, కప్పు ఒక్కటే కొత్తది. ఇలాంటి గదుల్లో రాళ్ళని పైకి పోయేకొద్దీ లోపలికి జరుపుతూ పేర్చి కప్పు మూస్తారు. పైనుంచి బొక్క పెడితే ఆ కప్పే మొదట పోతుంది. ఆర్క్‌నీలో అన్నిటికన్నా పేరున్న దిబ్బ మేస్‌హౌ. దాని కప్పూ ఇలాగే పోయింది. 1861లో జేమ్స్ ఫారర్ అనే ఆయన కూలీలను పెట్టించి పైనుంచి దించాడు. అంతకు ఏడు వందల ఏళ్ళ ముందు వైకింగులనే నార్వే ఓడదొంగల వారసులూ పైనుంచే దిగారు. కప్పు పోయాక వాన లోపల పడితే గోడలు కూలతాయి. కాంక్రీటు అందంగా లేదు, ఒప్పుకుంటాను. లేకపోతే ఈ అమ్మాయి దిగడానికి గదే ఉండేది కాదు.

గోడలు ఇంతకాలం ఎలా నిలిచాయంటే కారణం ఆ దీవుల రాయి. అక్కడి ఇసుకరాయి పొరలు పొరలుగా పలకల్లా విడిపోతుంది, మన కడప రాయి లాగా. పెద్ద చెట్లు దాదాపు లేవు. ఇంకోచోట కర్రతో చేసేవి ఇక్కడ రాతితో చేశారు, మంచాలూ అలమార్లూ కూడా. కర్రవి పుచ్చిపోయాయి, రాతివి మిగిలాయి.

విశ్వగురు_108 | ఉదయం 8:40

ఆ లంక పేరులోనే ఉంది అసలు విషయం. హోమ్ అంటే హోమం. అది యజ్ఞవేదిక. మన ఋషులు ఉత్తరధ్రువం దాకా వెళ్ళారని ఎవరూ చెప్పరు.

పాతరాయి | ఉదయం 8:51

హోమ్ అంటే పాత నార్వే భాషలో లంక. స్టాక్‌హోమ్‌లో ఉన్నది కూడా అదే. మీ లెక్కన అక్కడ స్టాకు పెట్టుకుని హోమం చేశారనాలి. ఇంకో సంగతి, ఆ పేరు పెట్టినవాళ్ళు సమాధి కట్టిన వేల ఏళ్ళ తర్వాత వచ్చారు. కట్టినవాళ్ళ భాష ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

గోదారి_గట్టు | ఉదయం 8:55

స్టాకు పెట్టుకుని హోమం 😂 మరి పాపే అంటే పాపాయా?

పాతరాయి | ఉదయం 9:04

దగ్గరగానే వచ్చావు, పాపాయి కాదు, ఫాదరీ. నార్వేవాళ్ళు వచ్చేసరికి అక్కడ క్రైస్తవ సన్యాసులు ఉండేవారు, వాళ్ళని పాపార్ అన్నారు. వాళ్ళ దీవి కాబట్టి పాపే.

మక్తల్_మామ | ఉదయం 10:15

నర్సమ్మా, మంచిగ రాసినవ్ బిడ్డా. దిబ్బ అనంగనే మా ఉట్నూరు బూడిదదిబ్బ యాదికొచ్చింది. మా మక్తల్ దిక్కు, పాత పాలమూరు జిల్లా. 1957ల ఆల్చిన్ అనే దొర తవ్విండు. పొరలు పొరలుగ బూడిద. యాడికాడ చిట్టెం గట్టిన గడ్డలు, రాయిని కరగబోసినట్టు. అది మనుషులను కాల్చిన బూడిద అన్నోళ్ళున్నరు, రాక్షసులను కాల్చిన బూడిద అని మా ముసలోళ్ళు చెప్పేది. తవ్వి చూస్తే ఏముందంటే పెండ. ఆవులను దొడ్లె గట్టి, పెండ కుప్పయినంక కాలవెడుదురు. మల్ల గాడ్నే దొడ్డి, మల్ల కుప్ప, మల్ల మంట. గట్ల నాలుగు వేల ఏండ్ల కిందట.

గండ్ల గొప్ప ముచ్చట చెప్పనా? ఒక పొరల పశువుల డెక్కల అచ్చులు గట్లనే ఉన్నయి. నిన్న సాయంత్రం మందను తోలుకపోయినట్టు.

కుండబద్దలు | ఉదయం 10:30

అది సమాధి కాదుగా మామా, పేడకుప్ప. రెండిటికీ పోలిక ఎక్కడ?

మక్తల్_మామ | ఉదయం 10:41

పోలిక నేను పెడ్తలేను. బూడిద చేన్లకు మంచి ఎరువని ఇట్లాంటి దిబ్బలను ఎడ్లబండ్లల్ల నింపుకొని పోయిండ్రు. గా దీవిల నూరు మంది లేని కాడ ఇనుప మూత పెట్టి కాపాడుతున్నరంటే నాకు కుళ్ళయితుంది, గంతే.

పాతరాయి | ఉదయం 11:05

కుళ్ళుకోనక్కర్లేదు మామగారూ, వాళ్ళూ తక్కువేం తినలేదు. ఆర్క్‌నీలోనే హోమ్ అనే పల్లె దగ్గర (ఈ లంక కాదు, పేరొక్కటే) ఒక పెద్ద సమాధి ఉండేది. పక్కన ఇల్లు కట్టుకోవడానికి దాని రాళ్ళు పీక్కుపోయారు. 1896లో రైతు కొడుకు మిగిలిన చోట తవ్వితే అస్థిపంజరాలు బయటపడ్డాయి, స్థానిక పత్రికలో వార్త వచ్చింది, ఆ తర్వాత జనం మర్చిపోయారు. ఆ పాత వార్త పట్టుకుని 2023లో మళ్ళీ వెతికితే దిబ్బ దాదాపు నేలమట్టం. అయినా ఒక గూట్లో 14 మంది ఎముకలు కదలకుండా ఉన్నాయి.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఆర్క్‌నీలోనే సౌత్ రొనాల్డ్‌సే దీవిలో. రోనాల్డ్ సిమిసన్ అనే రైతుకి 1958లో తన పొలం గట్టున సమాధి కనబడింది. తరవాత ఆయనే ఓపిగ్గా తవ్వాడు. దాదాపు 16,000 మనుషుల ఎముకలు, వాటితో సముద్రపు డేగల గోళ్ళూ ఎముకలూ. అందుకే డేగల సమాధి అని పేరు పడింది. డేగ వాళ్ళ కులదేవత అని అందరూ రాసేశారు. తీరా కార్బన్ పరీక్ష చేస్తే డేగలు సమాధి కట్టిన ఎన్నో వందల ఏళ్ళ తర్వాతవి. కట్టినవాళ్ళకీ డేగకీ సంబంధమే లేకపోవచ్చు.

గోదారి_గట్టు | ఉదయం 11:20

నిధి సంగతి ఎవరూ చెప్పరేంటి? ఇంత పెద్ద దిబ్బ, ఇన్ని గూళ్ళు. మా వైపు అయితే అమావాస్య రాత్రి నిమ్మకాయలూ గడ్డపారలూ పట్టుకుని ఈపాటికి పది బ్యాచిలు దిగేవి.

నిద్రలేని_నర్సు | మధ్యాహ్నం 12:10

దిగాయి తమ్ముడూ, పన్నెండో శతాబ్దంలోనే! తిరుగు ప్రయాణంలో మేస్‌హౌ చూశాను. అక్కడ నడుం వంచుకుని పది మీటర్ల సొరంగం దాటితే గది. గోడల నిండా రూన్ లిపి, అంటే పాత నార్వేవాళ్ళ అక్షరాలు, ముప్పైకి పైగా రాతలు. జెరూసలేం యాత్రకి బయల్దేరిన నార్వే వాళ్ళు ఈ దిబ్బ పగలగొట్టారని ఒకటి. నిధిని మూడు రాత్రుల ముందే ఎవరో ఎత్తుకుపోయారని ఇంకొకటి. గైడు అవి చదువుతుంటే నాకు మన పేపర్లో గుప్తనిధుల ముఠా వార్త చదువుతున్నట్టే ఉంది. నిజానికి రాతియుగం సమాధిలో బంగారం ఉండే అవకాశమే లేదు. అప్పటికి అక్కడివాళ్ళకి ఏ లోహమూ తెలీదు.

ఇంగిగెర్త్ అనే ఆవిడ అందరికన్నా అందగత్తె అని ఒకడు చెక్కాడు. దాని పక్కనే చొంగ కారుస్తున్న కుక్క బొమ్మ. ఆవిణ్ణి మెచ్చుకున్నాడో ఏడిపించాడో అర్థం కాలేదు. ఇంకొకడు గోడ పైభాగాన ‘ఇది నేను పైకెక్కి చెక్కాను’ అన్నట్టు రాసుకున్నాడు. అంతే, ఇంకేం లేదు. గోల్కొండ గోడ మీద బాణం గుచ్చిన గుండె బొమ్మ వేసినవాడికి ఎనిమిది వందల ఏళ్ళ ముందున్న అన్నయ్య.

కుండబద్దలు | మధ్యాహ్నం 12:25

అంటే గోల్కొండ మీద రాస్తే జరిమానా, అక్కడ రాస్తే వారసత్వ సంపద.

ఏలూరు_ప్లీడరు | మధ్యాహ్నం 1:40

ఇప్పుడు అక్కడ రాసినా కేసే. చట్టం ఊసు వచ్చింది కాబట్టి కొంచెం.

బ్రిటన్‌లో పురాతన కట్టడాల మొదటి చట్టం 1882లో వచ్చింది. చట్టం వెనకే ఒక చిన్న జాబితా తగిలించారు, మేస్‌హౌ ఆ తొలి జాబితాలోనే ఉంది. ఆ చట్టానికి పార్లమెంటులో ఎదురుదెబ్బలు చాలా తగిలాయి. సొంత పొలంలో ఉన్న మట్టిదిబ్బ మీద సర్కారు పెత్తనమేమిటని భూస్వాములు లేచారు. అందుకే తొలి చట్టానికి కోరలు లేవు, యజమాని ఇష్టపడితేనే రక్షణ. మన దగ్గర కర్జన్ కాలంలో 1904 చట్టం, తరవాత 1958 చట్టం.

తేడా ఎక్కడంటే, మన కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధం, దాని అవతల ఇంకో 200 మీటర్లు నియంత్రణ. 1992లో గీసిన గీత అది, 2010 సవరణతో చట్టంలోకి ఎక్కింది. టేపు పట్టి కొలుస్తారు. స్కాట్లాండ్‌లో 1979 చట్టం ప్రకారం మ్యాపులో గీసిన హద్దు లోపల ఏం చేయాలన్నా అనుమతి కావాలి. మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగినా నేరమే. కానీ అప్పటికే దున్నుతున్న రైతు అదే లోతున దున్నుకోవచ్చు. గొర్రెలు మేయొచ్చు.

నిధి దొరికితే? స్కాట్లాండ్‌లో యజమాని తెలియని పాత వస్తువు ఏదైనా రాజుగారిదే, దొరికించినవాడికి బహుమానం ఇస్తారు. మనకి 1878 నాటి నిధుల చట్టం ఇంకా నడుస్తోంది. భూమిలో పది రూపాయలు దాటిన విలువైనది దొరికితే కలెక్టరుకి చెప్పాలి. ఆ పది రూపాయలు ఇప్పటికీ పది రూపాయలే.

గోదారి_గట్టు | మధ్యాహ్నం 1:52

ప్లీడరు గారూ, మా పెరట్లో పదకొండు రూపాయల చెంబు దొరికింది, వచ్చి సంతకం పెడతారా?

చింతతోపు | మధ్యాహ్నం 2:30

మా ఊరి అవతల రాకాసి గుళ్ళు ఉండేవి. నాలుగు బండలు నిలబెట్టి మీద ఒక బండ. చిన్నప్పుడు అటు మేకలు కూడా పోయేవి కాదు, అమ్మమ్మ పోనిచ్చేది కాదు. ఇరవై ఏళ్ళ కిందట ఎవరో కంకర మిషను పెట్టారు. మొదటి నెలలోనే అన్నీ పోయాయి. రాకాసి ఎవర్నీ ఏమీ చెయ్యలేదు. అమ్మమ్మ మాత్రం ఆ కంకరతో వేసిన రోడ్డు మీద చెప్పులు విప్పి నడిచేది. నాలుగేళ్ళు నడిచింది, పోయేదాకా.

నిద్రలేని_నర్సు | మధ్యాహ్నం 3:05

చింతతోపు గారూ, మీ పోస్టు చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

అక్కడా అమ్మమ్మలే కాపాడారు. ఆర్క్‌నీలో ప్రతి దిబ్బలోనూ ఒకడుంటాడని నమ్మేవారు, పేరు హాగ్‌బూన్. దిబ్బలో కాపురముండేవాడు అని అర్థం. పొలం బాగా పండాలన్నా ఆవు చూడి నిలవాలన్నా వాడి దయ ఉండాలి. అందుకని దిబ్బ మీద పాలు పోసేవారు, ఇంట్లో కాచిన బీరు పోసేవారు. తవ్వితే పశువులకి రోగం. పాపేలో ఒక పెద్దావిడ ఇది చెబుతుంటే, మాకు దీపావళి వెళ్ళిన నాలుగో రోజు నాగులచవితి, పుట్టలో పాలు పోస్తాం అన్నాను. పుట్టంటే ఏమిటో చెప్పడానికే పావుగంట పట్టింది, ఆ దేశంలో చెదపురుగులు లేవు. ‘పురుగులు కట్టిన దిబ్బలో పాము ఉంటుందా, పాము పాలు తాగుతుందా’ అని అడిగింది. తాగదు అన్నాను. ‘మావాడూ తాగడు’ అంది.

ఆవిడే ఒక కథ చెప్పింది. ఒక ఇంట్లోకి వచ్చిన కొత్తకోడలికి ఈ పద్ధతి తెలీదు. పాలు పొయ్యదు, గిన్నె అడుగున మెతుకు మిగల్చదు. హాగ్‌బూన్‌కి కోపమొచ్చి ఇంట్లో వస్తువులు మాయం చేయడం మొదలెట్టాడు. పడలేక ఆ మొగుడూ పెళ్ళాం సామానంతా గుర్రాల మీద వేసుకుని దూరంగా ఇంకో ఊరికి బయల్దేరారు. పీడ వదిలిందిరా బాబూ అనుకుంటుండగా మజ్జిగ చిలికే పీపాలోంచి తల బయటపెట్టి వాడన్నాడట, ‘ఇల్లు మారడానికి భలే మంచి రోజు దొరికింది కదూ!’

మక్తల్_మామ | మధ్యాహ్నం 3:20

శనిగాడు గూడ గిట్లనే బిడ్డా, సామానుతోటే వస్తడు.

పాతరాయి | సాయంత్రం 4:15

భయం కాపాడింది అన్నది సగమే నిజం. 1840, 50ల్లో చదువుకున్న పెద్దమనుషులు తవ్వడం మొదలెట్టేసరికి పాలు పోసేవాళ్ళ మాట ఎవరూ వినలేదు. చింతతోపు గారి ఊళ్ళో కంకర మిషను ముందు అమ్మమ్మ మాట ఎంత చెల్లిందో ఇక్కడా అంతే. ఈ లంక మీది సమాధి మిగలడానికి అసలు కారణం ఇంకోటి అనుకుంటాను. అక్కడ ఇల్లు కట్టుకునేవాడు లేడు, రాళ్ళు పడవలో మోసుకుపోవడం దండగ.

నర్సుగారూ, గూటి దూలం మీద కనుబొమల గుర్తు చూశారా? రెండు వంపులు, కింద చుక్కలు.

నిద్రలేని_నర్సు | సాయంత్రం 4:40

చూశాను. అంటే, మొదట చూడలేదు. లైటు తిన్నగా కొడితే ఉత్త రాయి. ఫోన్‌ని గోడకి ఆనించి పక్కవాటుగా పట్టుకుంటే నీడలు లేచి అప్పుడు కనబడింది. ఎవరో కళ్ళు తెరిచినట్టు ఉలిక్కిపడ్డాను. ఐర్లండ్ సమాధుల్లోనూ ఇలాంటి చెక్కుళ్ళున్నాయట. పక్క దీవి వెస్ట్రేలో 2009లో తవ్వకాల్లో బొటనవేలంత ఆడబొమ్మ ఒకటి దొరికింది, నాలుగు సెంటీమీటర్లు. దాని మొహం మీదా అవే కనుబొమలు. ఊరివాళ్ళు దాన్ని వెస్ట్రే వైఫ్ అంటారు.

కుండబద్దలు | సాయంత్రం 5:30

ఇంత చదివాక ఒప్పుకుంటున్నాను, కాంక్రీటు మాట వెనక్కి తీసుకున్నా. కానీ ఒక ప్రశ్న. లంక అంటున్నారు, ఉత్తర సముద్రం తుఫాన్లు అంటున్నారు. సముద్రం తినేస్తే ఈ చట్టం ఏం చేస్తుంది? అలకి నోటీసు ఇస్తారా?

పాతరాయి | సాయంత్రం 6:10

ఇది అసలు ప్రశ్న. పాపే పడమటి ఒడ్డున నాప్ ఆఫ్ హోవర్ అని రెండు రాతి ఇళ్ళున్నాయి. క్రీ.పూ. 3700 ప్రాంతానివి, ఉత్తర ఐరోపాలో ఇంకా గోడలతో నిలబడి ఉన్న అతి పాత ఇళ్ళలో అవొకటి. వాటిని బయటపెట్టిందే సముద్రం, ఒడ్డు కోసుకుపోతే గోడలు కనబడ్డాయి. కట్టినప్పుడు ఒడ్డు అవతల ఎక్కడో ఉండేది. ఇప్పుడు అలకీ గుమ్మానికీ మధ్య ఒక గోడ కట్టారు.

సాండే దీవిలో ఇంకో పని చేశారు. 2005లో ఒక తుఫాను ఇసుక కొట్టుకుపోయేసరికి ఒడ్డున కంచుయుగపు కాలిన రాళ్ళ దిబ్బ తేలింది. రాళ్ళు ఎర్రగా కాల్చి నీళ్ళ తొట్టిలో వేసి మరిగించి, పగిలిన రాళ్ళని పక్కన పారేస్తే పోగైన దిబ్బ. దాన్ని అక్కడే ఉంచితే నాలుగు చలికాలాలు ఆగదని ఊరివాళ్ళే తొట్టి పలకలు ఊడదీసి, వారసత్వ కేంద్రం పక్కకి మోసుకెళ్ళి మళ్ళీ పేర్చారు.

మక్తల్_మామ | సాయంత్రం 6:30

శ్రీశైలం డ్యాం కట్టినప్పుడు మన గుళ్ళను మోసినట్టు. అలంపూరుకు కూడవెల్లి సంగమేశ్వరుని గుడి రాయి రాయి లెక్కవెట్టి తెచ్చిండ్రు. మంచిగనే నిలవడ్డది. కాని నది పక్కన లేదు.

పాతరాయి | సాయంత్రం 6:42

అదే మామగారూ. అందుకే ఈ లంక దిబ్బని కదపమంటే నేనైతే వద్దంటాను. ఆ 14 గూళ్ళకీ చుట్టూ నీళ్ళుండటం కూడా కథలో భాగమే. పూర్వం హోమ్ పాపేతో కలిసి ఒకే నేలగా ఉండేదంటారు, సముద్రం మధ్యలోకి వచ్చి లంక చేసింది.

ఏలూరు_ప్లీడరు | రాత్రి 8:15

సరే గానీ నర్సమ్మా, వెళ్ళేవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పు. మా అబ్బాయి ఎడిన్‌బరోలో చదువుతున్నాడు, పంపిస్తాను.

నిద్రలేని_నర్సు | రాత్రి 9:00

వేసవిలోనే రమ్మనండి బాబాయ్ గారూ. పడవ గాలిని బట్టి, టైముకి వస్తుందని నమ్మొద్దు, ఒకరోజు చేతిలో ఉంచుకోవాలి. మోకాళ్ళు పాడైనా పర్లేదనుకునే ప్యాంటు. ఫోన్ కాకుండా వేరే టార్చి. పైకొచ్చాక మూత తప్పకుండా వెయ్యాలి, లేకపోతే గొర్రెపిల్లలు పడతాయి. ఎండ చొరబడే వింత కూడా చూడాలంటే మాత్రం మేస్‌హౌకి డిసెంబరులో రావాలి, అస్తమించే సూర్యుడు సొరంగంలోంచి తిన్నగా వెనక గోడ మీద పడతాడు. మబ్బు లేకపోతేనే. అక్కడ డిసెంబరులో మబ్బు లేకపోవడమంటే, పోనీలెండి.

గోదారి_గట్టు | రాత్రి 9:12

అక్కా, అన్నీ చెప్పావు, ఒకటి దాచావు. నువ్వు పాలు పోశావా లేదా?

నిద్రలేని_నర్సు | రాత్రి 9:30

హాస్టల్లో టీకి ఇచ్చే బొటనవేలంత పాల డబ్బా ఒకటి కోటు జేబులో ఉండిపోయింది. పడవాయన తాడు విప్పుతూ అటు తిరిగి ఉన్నాడు. చూసింది గొర్రె ఒకటే.

ఏలూరు_ప్లీడరు | రాత్రి 9:34

పై పోస్టు నేను చదవలేదు. ఇంతకీ మూత వేశావా?